పెంకుటింటి గోడల మీద స్లాబ్: హాలు బీమ్ సరిగ్గా కిటికీ లింటెల్ మీదకొస్తోంది, రాడ్లు ఎలా కలపాలి?

టెక్కలి పెంకుటిల్లు:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ముందువైపు పెంకు మొత్తం లేచిపోయింది. అప్పట్నుంచి రేకులు వేసి నెట్టుకొస్తున్నాం. నేను విశాఖలో ఉద్యోగం. అమ్మ మాత్రం ఆ ఇల్లు వదిలి రానంటుంది. గాలివాన అన్న వార్త వింటే చాలు, నాకిక్కడ నిద్ర పట్టదు. అందుకే ఈ వానలకి ముందే రేకులు తీసేసి, అవే గోడల మీద స్లాబ్ వేయించాలని నిశ్చయించుకున్నాం.

హాలు లోపలి కొలత 14 అడుగులు, 18 అడుగులు. గోడలన్నీ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. చూరు వైపు గోడ ఎనిమిదడుగులే ఉంది. ఇంకో రెండడుగులు ఇటుక లేపి పదడుగులకి స్లాబ్ వేయాలి. 18 అడుగుల పొడవుకి సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక బీమ్ కావాలన్నారు. ఆ బీమ్ వెనక చివర ఏ తలుపూ లేని గోడ మీదకి వస్తుంది. ముందు చివర మాత్రం నాలుగడుగుల కిటికీకి నడిమధ్యన పడుతోంది. ఆ కిటికీ మీద ఏడడుగుల ఎత్తులో నాలుగంగుళాల మందం పాత లింటెల్ (కిటికీ పైన గోడని మోసే కాంక్రీటు దిమ్మ) ఉంది, దాంతోపాటే పోసిన ఒకటిన్నర అడుగుల సజ్జ బయటికి ఉంది.

మా మేస్త్రి ఏమంటున్నారంటే: లింటెల్ మీద ఇటుక తీసేసి, లింటెల్ పైభాగం శానంతో కొట్టి పాత రాడ్లు బయటపెట్టి, అక్కడి నుంచి నాలుగు రాడ్లు నిలువుగా లేపి బీమ్ రాడ్లకి కట్టేస్తే రెండూ ఒకటైపోతాయట, బలం పెరుగుతుందట. మా బావమరిది డిప్లొమా సివిల్ చదివాడు. లింటెల్‌కి దేన్నీ కట్టొద్దు, బీమ్‌ని విడిగా ఇటుక మీద కూర్చోబెట్టండి అంటాడు. ఇద్దరూ మా మేలు కోరేవాళ్లే. ఎవరి మాట ప్రకారం వెళ్లాలి? కలపాల్సి వస్తే ఏ రాడ్, ఎంత పొడవు, ఎలా వంచాలి?

నరసన్నపేట మేస్త్రి:

బాబూ, రాడ్ల సంగతి తర్వాత. ముందు ఆ సజ్జ చూసుకోండి. పాత ఇంట్లో సజ్జ నిలబడ్డాదంటే లింటెల్ మీదున్న ఇటుక, ఆ పైన కప్పు బరువు దాన్ని తొక్కి పట్టుకున్నాయన్నమాటే. రేకులు ఇప్పేసి, పైనున్న ఇటుక కూడా తీసేస్తే ఇంకేటి పట్టుకుంటాది? మనిషి దాని కొస మీద నిలబడి ఇటుక అందుకుంటాడు, లింటెల్‌తో సహా బయటికి తిరగబడిపోద్ది. ఇలాంటివి నాను కళ్లారా చూసినాను. కప్పు మీద చెయ్యెయ్యక ముందే సజ్జ కింద బలమైన సరుగుడు కర్రలో, ఇనప జాకీలో పెట్టించండి. కింద పలక వేసి, మేకులతో కదలకుండా బిగించాలి. కొత్త ఇటుక లేపి, స్లాబ్ పోసి, సెంట్రింగ్ విప్పేదాకా వాటిని ఒగ్గేయకండి.

మీ మేస్త్రి చెప్పినట్టు లింటెల్ కొట్టడం నాకైతే నచ్చలేదు. సుత్తి దెబ్బకి పాత కాంక్రీటు రాడ్‌ని వదిలేస్తాది. మిగతా లెక్క ఇంజినీరు బాబులు చెప్పాలి.

విజయనగరం డిజైన్ టేబుల్:

మేస్త్రి గారు చెప్పిన సజ్జ విషయం అక్షరాలా పాటించండి. నేనూ లెక్క వేసి చూశాను. మూడంగుళాల మందం, ఒకటిన్నర అడుగుల సజ్జ బయటికి తిరగబడే బలం మీటరు పొడవుకి సుమారు 0.19 కిలోన్యూటన్ మీటర్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు). లింటెల్, దాని మీదున్న ఎనిమిదంగుళాల ఇటుక కలిసి దాన్ని ఆపగలిగేది 0.17. అంటే కప్పు తీశాక మధ్యభాగాన్ని పట్టుకునేవి గోడలో దిగిన రెండు చివరలే. దాని మీద మనిషి బరువు కూడా పడనిస్తే ప్రాణాల మీదకొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. రాడ్లు ఎలా కట్టాలన్నదానికంటే ముందు ఎంత బరువు ఎక్కడ దిగుతోందో చూడాలి. 125 ఎం.ఎం. స్లాబ్ సొంత బరువే చదరపు మీటరుకి 3.1 కిలోన్యూటన్లు. పైన ఫినిషింగ్‌కి 1, మనుషులకీ సామాన్లకీ 2 వేస్తే 6.1. మీ బీమ్‌కి ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర, మొత్తం తొమ్మిదడుగుల వెడల్పు స్లాబ్ పడుతుంది. బీమ్ సొంత బరువు కూడా కలిపితే మీటరుకి 18.5 దాకా వస్తుంది. గోడ మధ్య నుంచి గోడ మధ్యకి 4.5 మీటర్లు. కాబట్టి ఒక్కో చివర దిగేది సుమారు 42 కిలోన్యూటన్లు, అంటే నాలుగు టన్నుల పైమాట. స్లాబ్ కొంత బరువు నేరుగా పక్క గోడలకి ఇస్తుంది. ఆ తగ్గింపు నేను తీసుకోలేదు, పాత గోడల పనిలో తీసుకోను కూడా.

ఈ 42 కిలోన్యూటన్లు నాలుగడుగుల లింటెల్ మధ్యలో పడితే వంగే మొమెంట్ 14 కిలోన్యూటన్ మీటర్లు, భద్రత కోసం పెంచే 1.5 లోడ్ ఫ్యాక్టర్‌తో 21. మీ పాత లింటెల్ నాలుగంగుళాల మందం. లోపల రెండు 10 ఎం.ఎం. రాడ్లు, ఎం20 కాంక్రీటు, ఎఫ్‌ఈ 500 స్టీలు (ఇవి బలాన్ని తెలిపే గ్రేడ్లు) ఉన్నాయని ఉదారంగా అనుకున్నా, అది తట్టుకోగలిగేది 3.4. కావలసినదానిలో ఆరో వంతు కూడా లేదు. నాలుగు కాదు, పది నిలువు రాడ్లు దింపి కట్టినా ఈ అంకె మారదు. లింటెల్ వంగి పగిలేది కింది అంచున. అక్కడున్నవి ఆ పాత రెండు రాడ్లే, దాని లోతు ఆ నాలుగంగుళాలే. పైనుంచి కట్టిన రాడ్లు బరువుని తిన్నగా దాని నెత్తిన పెట్టడానికి పనికొస్తాయి, అంతే.

లింటెల్ మీద ఇటుక ఆర్చ్ లాగా పనిచేసి బరువుని పక్కలకి పంపుతుంది కదా అని మీ బావమరిది గారు అనొచ్చు. నిజమే. అందుకే మామూలు లింటెల్‌కి 60 డిగ్రీల త్రికోణంలో ఉన్న ఇటుక బరువే లెక్కేస్తాం. కానీ ఆ త్రికోణంలోకి బీమ్ లాంటి ఒంటి బరువు దిగితే దాన్ని వదిలేసే వీలు లేదు. మీ దగ్గర ఆ ఇటుక కూడా పాతా కొత్తా అతుకుతో ఉండబోతోంది. పైగా బీమ్ కొసని ఎనిమిదంగుళాలు గోడ మీద పెడితే ఇటుక మీద ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 0.9 న్యూటన్లు. 5 న్యూటన్ల బలమున్న ఇటుకని 1:6 మాలుతో కడితే ఇటుక గోడల కోడ్ ఐఎస్ 1905 (ఐఎస్ అంటే భారత ప్రమాణం) అనుమతించేది 0.44. ఒకే చోట దిగే బరువుకి పాతిక శాతం పెంచినా 0.55. కాబట్టి ఆ దారి కూడా సరిపోదు.

ఇద్దరి మాట ప్రకారం వెళ్లినా బరువు చివరికి ఆ లింటెల్ మీదకే చేరుతోంది. లింటెల్‌ని దాని మానాన వదిలేయండి. స్లాబ్ మట్టంలోనే, ముందు గోడ మీద, గోడ వెంబడి ఇంకో బీమ్ పోయండి. హాలు బీమ్ దాంట్లోకి వచ్చి కలుస్తుంది. అది కిటికీని దాటి రెండు పక్కలా గట్టి గోడ మీద దిగుతుంది. కలపడం అన్నది అక్కడ కావాలి, రెండు కొత్త బీముల మధ్య, ఒకే పోతలో.

అయితే అంతకు ముందు నాలుగు సంగతులు తెలియాలి. మాలు మేకుతో గీస్తే రాలుతోందా? పునాది ఏమిటి, ఎంత లోతు, ఎంత వెడల్పు? కిటికీకి రెండు పక్కలా గోడ ఎంత ఉంది? పగుళ్లున్నాయా? మట్టి అడుసుతో కట్టిన గోడైతే ఈ చర్చ ఇక్కడే ఆపేసి పిల్లర్లు వేసుకోవడమే మంచిది.

టెక్కలి పెంకుటిల్లు:

ఇంత ఓపిగ్గా లెక్క వేసి చెప్పినందుకు మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉంటాను. ఆదివారం ఇంటికెళ్లి మేస్త్రి గారితో కలిసి చూశాను. సిమెంటు మాలే. మేకు పెట్టి గట్టిగా గీస్తే గీత పడుతోంది గానీ పొడి రాలడం లేదు. నాన్నగారి లెక్కల పుస్తకంలో ఒకటికి ఆరు అని రాసి ఉంది. ఇటుక కొడితే ఖంగుమంటోంది. పునాది పక్కన గొయ్యి తీయించాం. బండరాయి పునాది, మూడడుగుల లోతు, అడుగున రెండడుగుల వెడల్పు, కింద ఎర్ర గరప నేల. కిటికీకి ఇటూ అటూ ఏడేసి అడుగుల గోడ ఉంది. కిటికీ ఎడమ పై మూల నుంచి చూరు వైపు ఏటవాలుగా ఒక సన్నని పగులుంది, గోరు దూరదు. అమ్మని అడిగితే అది చాలా ఏళ్లుగా అలానే ఉందంది.

ఇంకో సందేహం. తుఫాను గాలికి కప్పు లేచిపోకుండా బీమ్‌ని గోడకీ లింటెల్‌కీ రాడ్లతో కట్టేయాలి కదా అని మేస్త్రి గారు అడుగుతున్నారు. తిత్లీ చూసినవాళ్లం కాబట్టి ఆ భయం మాకు పోదు.

విజయనగరం డిజైన్ టేబుల్:

ఆ భయం న్యాయమైనదే, అందుకే ముందు దానికి జవాబు. మన తీరానికి ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, అంటే 1.5 కిలోన్యూటన్లు. కప్పుని పైకి లాగేది ఈ లెక్కకి దగ్గర్లోనే ఉంటుంది. దాని ముందు రేకుల బరువు లెక్కలోకే రాదు, పెంకు బరువు కూడా చాలదు. స్లాబ్ సొంత బరువు 3.1. గాలి లేపాలన్నా లేవదు. కాబట్టి లేచిపోతుందన్న భయంతో లింటెల్‌కి కట్టాల్సిన పని లేదు.

ఐఎస్ 4326లో చెప్పే లింటెల్ బ్యాండ్ వేరు. అది భూకంపానికి గోడలన్నిటినీ నడుము చుట్టూ పట్టి ఉంచే పట్టీ. బీముల బరువు మోయడానికి పెట్టింది కాదు. మీ లింటెల్ కిటికీ వరకే ఉన్న ముక్క కాబట్టి ఆ పనీ చేయదు. 2016 భూకంప కోడ్ మ్యాప్‌లో శ్రీకాకుళం జోన్ 2లో, అంటే అన్నిటికంటే తక్కువ ముప్పున్న జోన్‌లో ఉంది. కొత్తగా ఇల్లు కడుతుంటే బ్యాండ్ వేయమనేవాణ్ణి. ఇప్పుడు ఉన్న గోడని కోసి మరీ పెట్టించను.

మీ గోడ, మాలు, పునాది వివరాలు ధైర్యమిచ్చేవే. ముందు గోడ కింద మీటరుకి 40 కిలోన్యూటన్ల దరిదాపు వస్తుంది. రెండడుగుల వెడల్పు మీద పంచితే చదరపు మీటరుకి 70 దరిదాపు. గట్టి గరప నేలకి ఇది పెద్ద భారం కాదు. అయినా టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఆ గొయ్యి పూడ్చకముందే చూపించి, డ్రాయింగ్ మీద సంతకం పెట్టించుకోండి. మీద ఇంకో అంతస్తు ఆలోచన ఉంటే మాత్రం ఈ లెక్కేదీ చెల్లదు.

ఇక కలిపే వివరం. కొలతలన్నీ ఎం.ఎం.లో. హాలు బీమ్ 230 వెడల్పు, స్లాబ్‌తో కలిపి 375 లోతు. కింద మూడు 16 ఎం.ఎం. రాడ్లు, పైన రెండు 12. ముందు గోడ బీమ్ కూడా అదే 230, 375 ఉండాలి. మోసే బీమ్ కంటే దాని మీద వాలే బీమ్ లోతుగా ఉంటే అడుగు రాడ్లకి పట్టు దొరకదు. గోడ బీమ్ పొడవు కనీసం ఎనిమిదడుగులు, కిటికీ నాలుగు పోను ఇటు రెండు, అటు రెండు. దానికి కింద మూడు 12, పైన రెండు 12, 8 ఎం.ఎం. రింగులు (రాడ్ల చుట్టూ కట్టే చుట్లు) 150కి ఒకటి. లెక్క ప్రకారం కింద రెండు 12 రాడ్లతో గట్టెక్కుతుంది గానీ మూడోది పెట్టండి. రెండు పక్కలా రెండేసి అడుగుల గోడ మీద దిగితే ఇటుక మీద బీమ్ ఒత్తిడి 0.2 లోపే ఉంటుంది.

హాలు బీమ్ కింది రాడ్లు గోడ బీమ్‌లోకి ఎలా వెళ్లాలన్నదే మీరు అడిగిన కీలకం. ఎం25 కాంక్రీటుకి, ఎఫ్‌ఈ 500 రాడ్‌కి పూర్తి పట్టు పొడవు (రాడ్ జారకుండా కాంక్రీటులో ఉండాల్సిన పొడవు) వ్యాసానికి 49 రెట్లు. 16 రాడ్‌కి 784 ఎం.ఎం. మామూలుగా ఆనే చివర అందులో మూడో వంతు, 261, లోపలికి వెళ్లాలని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 చెబుతుంది. మీ గోడ 230, కవర్ (రాడ్ల బయట ఉండే కాంక్రీటు మందం), రింగు పోను తిన్నగా దొరికేది 190. చాలదు. అదే రాడ్‌ని చివర 90 డిగ్రీలు పైకి వంచితే ఆ వంపుకి వ్యాసానికి 8 రెట్లు, 128, కలిసొస్తుంది. మొత్తం 318. సరిపోయింది. ఆ పైకి తిరిగిన కాలు కనీసం 200 ఉంచండి. మూడు రాడ్లూ అలాగే వెళ్లాలి, ఒక్కటి కూడా మధ్యలో ఆపొద్దు. పై రాడ్లు రెండూ కిందికి వంచి గోడ బీమ్ రింగుల లోపల దిగాలి.

రాడ్లు అల్లేటప్పుడు బెండింగ్ మేస్త్రికి ఒక మాట గట్టిగా చెప్పండి. హాలు బీమ్ కింది రాడ్లు గోడ బీమ్ కింది రాడ్ల మీదుగా వెళ్లాలి, కిందుగా కాదు. పల్లకి కొమ్ము బోయీల భుజం మీద ఆనినట్టు అక్కడ ఒకటి ఇంకోదాని మీద ఆనాలి. కిందుగా వెళితే బరువు పట్టేది కవర్ కాంక్రీటే, అది ఊడొస్తుంది. కలిసే చోట హాలు బీమ్‌కి రెండు పక్కలా గోడ బీమ్‌లో అదనంగా రెండేసి 8 ఎం.ఎం. రింగులు దగ్గర దగ్గరగా పెట్టండి. బరువు గోడ బీమ్ అడుగున వచ్చి చేరుతుంది. దాన్ని పైకి మోసుకెళ్లేవి ఆ రింగులే. రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి తిరగాలి. హాలు బీమ్ వంగినప్పుడు గోడ బీమ్ కొద్దిగా మెలి తిరుగుతుంది, 90 డిగ్రీల కొస అప్పుడు విచ్చుకుపోతుంది.

ఇంకొకటి, సైట్లలో చాలామంది వదిలేసేది. గోడ బీమ్ కిటికీ మీదుగా వెళ్లే నాలుగడుగుల మేరా దాని అడుగున, ఇటుకకీ బీమ్‌కీ మధ్య 12 ఎం.ఎం. థర్మోకోల్ షీట్ పరవండి. బీమ్ అక్కడ వంగేది 1 ఎం.ఎం. కంటే తక్కువే. ఆ సందు ఉంటే స్లాబ్ బరువు పాత లింటెల్ మీదకి దాదాపు వెళ్లదు. తర్వాత బయట ప్లాస్టరింగ్‌లో ఆ సందుని సీలెంట్‌తో మూసుకోవచ్చు.

వెనక గోడ వైపు బెడ్ బ్లాక్ (బీమ్ కొస కింద పోసే కాంక్రీటు దిమ్మ) చాలు. 230 వెడల్పు, 600 పొడవు, 150 మందం. ఒత్తిడి 0.3కి దిగిపోతుంది.

కళింగపట్నం సైట్ ఇంజినీర్:

డిజైన్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉప్పుగాలి గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. సముద్రం ఒడ్డున పదేళ్లు కూడా నిండని లింటెళ్లు రాడ్ వెంబడి నిలువునా చీలిపోవడం నేను రోజూ చూస్తున్నాను. గోడ బీమ్ బయటి ముఖం గాలికీ వానకీ ఎదురుగా ఉంటుంది. సముద్రపు గాలి నేరుగా తగలని చోట ఐఎస్ 456 ఎం25, 30 ఎం.ఎం. కవర్ చాలంటుంది. తీరానికి ఎదురుగా ఉన్న ఇంటికైతే అదే కోడ్ ఎం30, 45 కవర్ అడుగుతుంది. మీ పల్లె టెక్కలికి ఏ వైపున్నదీ మీరు రాయలేదు. సంతబొమ్మాళి, భావనపాడు వైపయితే రెండోదే పట్టుకోండి. కవర్ 45 చేస్తే ఆ 190 ఇంకా తగ్గుతుంది కాబట్టి పై కొలత మళ్లీ చూసుకోవాలి.

ఇసుక వంశధారదో నాగావళిదో తెప్పించండి. ఒడ్డు ఇసుక చవగ్గా తోలుతామని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేయండి. ఘనపు మీటరు కాంక్రీటులో క్లోరైడ్ 0.6 కిలోలు మించకూడదు. క్యూరింగ్ నీళ్లు కూడా ఉప్పు బోరువి వాడొద్దు. పాత లింటెల్‌ని చిన్న సుత్తితో అడుగు నుంచి తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల రాడ్ తుప్పు పట్టి కాంక్రీటుని తోసేస్తోందని అర్థం. అప్పుడు దాని మీద కొత్త బరువు పడకపోయినా అది మార్చాల్సిందే. సజ్జ ఊడిపడేది అలాంటి చోటే.

విజయనగరం డిజైన్ టేబుల్:

మంచి మాట. 45 కవర్‌తో రింగు కూడా పోను తిన్నగా దొరికేది 175. ఎం30కి పట్టు పొడవు కూడా తగ్గుతుంది కాబట్టి వంపుతో కలిపి 303 సరిపోతుంది, ఆ వివరం మార్చక్కర్లేదు. లోపలి లోతు కొంచెం తగ్గుతుంది, దానికి బీమ్‌ని 400 చేస్తే చాలు. రెండు బీములూ 400.

టెక్కలి పెంకుటిల్లు:

మాది టెక్కలికి తూర్పు వైపే, సముద్రపు గాలి తగిలేచోటే. ఎం30, 45 కవర్, 400 లోతు అని మేస్త్రి గారికి చెప్పాను. లింటెల్ అడుగున తట్టి చూశాం, ఎక్కడా డొల్ల లేదు. మీరు రాసిందంతా మేస్త్రి గారికి చదివి వినిపించాను. థర్మోకోల్ విషయం దగ్గర కాసేపు ఆలోచించి, ఇది నాకు నచ్చింది, మిగతా ఇళ్లకీ చేస్తాను అన్నారు. శ్రీకాకుళంలో ఇంజినీరు గారితో వచ్చే వారం మాట కుదిరింది, గొయ్యి అలాగే ఉంచాం. చివరగా ఒక్కటి. సెంట్రింగ్ ఎన్ని రోజులు ఉంచాలి? వానలొస్తాయని అందరూ తొందరపెడుతున్నారు.

నరసన్నపేట మేస్త్రి:

తొందరపడకండి బాబూ. స్లాబ్ కింద వారం, బీమ్ కింద రెండు వారాలు. వానొచ్చినా మంచిదే, తడి ఆరదు.

విజయనగరం డిజైన్ టేబుల్:

మేస్త్రి గారు చెప్పినవి కోడ్ అంకెలే. 4.5 మీటర్ల లోపు స్లాబ్ పోట్లకి 7 రోజులు, 6 మీటర్ల లోపు బీమ్ పోట్లకి 14 రోజులు, అదీ మామూలు ఓపీసీ సిమెంటుకి. పీపీసీ (బూడిద లాంటివి కలిసిన సిమెంటు) వాడితే ఇంకొన్ని రోజులు పెంచండి. హాలు బీమ్ పోట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి విప్పాలి. సజ్జ కింద జాకీలు అన్నిటికంటే ఆఖర్న తీయండి.